గోల్‌కీపర్ రక్షణ కమిటీ

"ఇకమీదట మన గడ్డ మీద ఏ హాకీ గోల్‌కీపరుకూ దెబ్బ తగలదు. తగిలితే నన్నడగండి!"

క్రీడల మంత్రిగారు సోమవారం పొద్దున పదకొండింటికి విలేకరుల ముందు బల్ల గుద్ది మరీ ఈ మాట అన్నారు. పదకొండుంబావుకు లోపలి గదిలోకి వెళ్లి, "ఇంతకీ హాకీలో గోల్‌కీపరు ఉంటాడా?" అని డిప్యూటీ డైరెక్టరును అడిగారు. ముందు మాటిచ్చి, విషయం తర్వాత కనుక్కోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. దానికి గుండె ధైర్యం కావాలి. మంత్రిగారికి అది పుట్టుకతో వచ్చింది.

"ఉంటారు సార్. ఈ కేసులో ఆడమనిషి," అన్నాడు డిప్యూటీ డైరెక్టరు.

"మరీ మంచిది. మహిళా సంక్షేమం కిందకి కూడా వస్తుంది."

ఆ ఆడమనిషి సిటీ బస్సులో కండక్టరు. డిపోలో వాచ్‌మన్ మొదలుకొని మేనేజరు దాకా అందరికీ కండక్టరమ్మే. పొద్దుటి షిఫ్టు దిగగానే టికెట్ల సంచి అప్పగించి, డిపో వెనక మైదానానికి వెళ్లి గోలు కాయడం తొమ్మిదేళ్లుగా ఆమె దినచర్య. జట్టుకు కోచ్ డిపో మెకానిక్కే. బస్సులకు ఇంజన్ ఆయిలు మార్చిన చేతులతోనే ఆయన జట్టులో ముందు వరస, వెనక వరస మారుస్తుంటాడు.

కండక్టరమ్మ ప్యాడ్లు ఆమె కంటే ముందు నుంచీ ఆ డిపోలో సర్వీసు చేస్తున్నాయి. చిరిగిన చోటల్లా ఆమె మొగుడు, టైలరు, పాత బస్సు సీట్ల రెక్సిను వేసి కుట్టుకొచ్చాడు. దూరం నుంచి చూసేవాళ్లకు బస్సు సీటొకటి లేచి నిలబడి గోలు కాస్తున్నట్టు కనిపించేది. అయినా ఈ ఏడు ఆ సీటును దాటి వెళ్లిన బంతులు తక్కువ. డిపో జట్టు మొట్టమొదటిసారి ఫైనలుకు చేరింది. సెమీఫైనల్లో ఆఖరి బంతిని ఆమె కాలితో ఆపినప్పుడు ప్యాడు పగిలి, లోపలి స్పాంజి బయటికొచ్చి, మోకాలు పుచ్చకాయలా ఉబ్బింది. ఆ ఫొటో మర్నాడు పేపర్లో పడింది. మంత్రిగారి గుండె కరిగింది అందుకే.

"నీ మోకాలు పేపర్లో పడిందే!" అన్నాడు టైలరు పేపరు విప్పి.

"మొహం పడలేదా?"

"మొహం హెల్మెట్లో ఉంది కదా."

మంత్రిగారి ప్రకటన ఆ తర్వాత మంగళవారం పేపర్లో వచ్చింది. కండక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. నమ్మకూడదని ఆమెకు తెలుసు. పదేళ్లు బస్సులో పనిచేసిన మనిషి, చిల్లర తర్వాత ఇస్తాననే మాట ఎన్నిసార్లు వినలేదు, ఎన్నిసార్లు అనలేదు! అయినా ఆ పూట మోకాలి మీద ఐసు ముక్క పెట్టుకుని కూర్చున్నప్పుడు, కొత్త ప్యాడ్లు ఏ రంగులో ఉంటాయోనని ఆలోచించింది.

ఫైనలుకు ఇంకా రెండు నెలలుంది. ఈలోగా గోల్‌కీపర్ రక్షణ కమిటీ ఏర్పడింది. డిప్యూటీ డైరెక్టరు అధ్యక్షుడు. మంత్రిగారి బావమరిది నిపుణుడు. బావమరిదికి పరుపుల కొట్టుంది. హాకీ ప్యాడ్లలో ఉండేదీ స్పాంజే, పరుపుల్లో ఉండేదీ స్పాంజే. ఇంతకంటే తగిన మనిషిని వెతకాలంటే దేశాలు గాలించాలి. కండక్టరమ్మను మాత్రం కమిటీలో వేసుకోలేదు. ప్యాడ్లు కట్టుకోబోయేది ఆవిడే కనక, ప్యాడ్ల విషయంలో ఆవిడకు స్వార్థం ఉంటుందని డిప్యూటీ డైరెక్టరు ఫైల్లో రాశాడు. నిజాయితీపరుడు.

అయితే వివరాలు చెప్పడానికి ఓ రోజు పిలిచారు. పొడవాటి బల్ల, బల్ల చుట్టూ కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ ఓ నీళ్ల సీసా, మధ్యలో బిస్కెట్ల పళ్లెం.

"కుర్చీలు సభ్యులకేనమ్మా, నిలబడు. గోలు దగ్గర నిలబడేదానివేగా, అలవాటే," అన్నాడు డిప్యూటీ డైరెక్టరు ప్రేమగా. "ముందు నాకో సందేహం. గోల్‌కీపరంటే గోలుకి వాచ్‌మనే కదా?"

"ఒక రకంగా అంతే సార్."

"వాచ్‌మన్‌కి ఇవ్వాల్సినవి మన రూల్సులో ఉన్నాయి. ఒక విజిలు, ఒక టార్చిలైటు, ఒక గొడుగు. వీటితో పని జరగదా?"

కండక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బంతి రాయిలా ఉంటుంది. దగ్గర్నుంచి కొడితే కంటికి కూడా ఆనదు. కాళ్లకు ప్యాడ్లు, బూట్ల మీద కిక్కర్లు, ఛాతీకి కవచం, గొంతుకు పట్టీ, తలకు జాలీ ఉన్న హెల్మెట్, రెండు చేతులకు రెండు రకాల గ్లోవులు కావాలి.

బావమరిది చేతిలోని బిస్కెట్ పక్కన పెట్టాడు. "ప్యాడ్లు నాకు వదిలెయ్. వెన్నలాంటి స్పాంజి వేయిస్తా. పడుకుంటే పదినిమిషాల్లో నిద్ర పట్టేస్తుంది."

"మెత్తటిదొద్దండీ," అంది కండక్టరమ్మ. "మెత్తగా ఉంటే బంతి వచ్చి కాళ్ల దగ్గరే ఆగిపోతుంది. అవతలివాళ్లు మళ్లీ గోల్లోకి తోసేస్తారు. గట్టిది కావాలి. బంతి తగలగానే ఎగిరి దూరంగా పోవాలి."

"చూడమ్మా," అన్నాడు బావమరిది, "ఇరవై ఏళ్లుగా పరుపులమ్ముతున్నా. ఇంతవరకు ఒక్క కస్టమరు కూడా గట్టిగా లేదని పరుపు వాపసు తేలేదు."

కమిటీ ఈ అనుభవాన్ని మినిట్స్‌లో రాసుకుంది.

"రెండు చేతులకు రెండు రకాలెందుకు?" అన్నాడు డిప్యూటీ డైరెక్టరు.

"కుడిచేత్తో కర్ర పట్టుకోవాలి సార్, దానికి వేళ్లు మడిచే వీలుండాలి. ఎడంచేత్తో బంతిని అడ్డుకోవాలి, అది పలకలా ఉండాలి."

డిప్యూటీ డైరెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా ప్రభుత్వం కుడి, ఎడమ అని తేడా చూపించదమ్మా. రెండు చేతులకూ సమాన న్యాయం జరుగుతుంది." ఆ మాట మీద రెండూ ఎడంచేతి గ్లోవులకే ఆర్డరు వెళ్లింది.

వెళ్లబోతుంటే డిప్యూటీ డైరెక్టరు మళ్లీ పిలిచాడు. "పాత సామాను రేపు స్టోర్సులో అప్పగించెయ్యి. పాతది అప్పగిస్తేనే కొత్తది. రూలు."

"కొత్తది వచ్చేదాకా ప్రాక్టీసు ఎలా సార్?"

"జాగ్రత్తగా చేసుకో."

ఆ పాత ప్యాడ్లు అప్పగించేప్పుడు ఆమెకు కాస్త కష్టమనిపించింది. స్టోర్సు గుమస్తా వాటిని ఇటూ అటూ తిప్పి చూసి, రసీదు మీద 'పనికిరాని బస్సు సీట్లు: రెండు' అని రాసిచ్చాడు.

నెల గడిచింది. ఒకరోజు టైలరుకు మంత్రిగారి ఇంటి నుంచి కబురొచ్చింది, టేపు తీసుకుని రమ్మని. గోల్‌కీపరు సామానుకు కొలతలట. టైలరు ఆనందంగా పెళ్లాం కొలతలన్నీ ఓ చీటీ మీద రాసుకుని మరీ వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏమైంది?" అంది కండక్టరమ్మ.

"చీటీ చూపిస్తే, ఇవెవరివయ్యా అన్నారు. మా ఆవిడవండీ, గోల్‌కీపరు అన్నాను. కొత్త సామాను ప్రారంభోత్సవం రోజు కట్టుకుని నిలబడేది మంత్రిగారు కదా, ఆవిడ కొలతలెందుకన్నారు. మంత్రిగారి కొలతలు తీయించారు."

"ఏమాత్రం ఉన్నాయి?"

"నడుం దగ్గర టేపు చాల్లేదే. ఇంకో టేపు కలిపి ముడేశా."

కండక్టరమ్మ నవ్వబోయి మానేసింది. "పోనీలే. వదులుగా ఉంటే నువ్వు కుట్టి బిగిస్తావు కదా."

"నేనా? దాన్నిండా ప్రభుత్వ ముద్రలుంటాయి. సూది పెడితే జైలుకే."

ఇన్నాళ్లూ ఆమె ఉత్త కాళ్లతో ప్రాక్టీసు చేసింది. మెకానిక్కు అందరికీ మెల్లగా కొట్టమని చెప్పాడు. మెల్లగా కొట్టడం అలవాటైతే ఫైనల్లో ఏం కొడతారని మళ్లీ ఆయనే తల పట్టుకున్నాడు. కాళ్ల నిండా నీలం మచ్చలు. బస్సులో నిలబడి టికెట్లు కొడుతుంటే, దిగేవాళ్ల సంచులు తగిలినా ప్రాణం జివ్వుమనేది.

ప్రారంభోత్సవానికి స్టేడియం నిండింది. స్కూళ్లు మూయించి పిల్లల్ని తెచ్చి కూర్చోబెడితే ఏ స్టేడియమైనా నిండుతుంది. మంత్రిగారు పూర్తి కవచంలో నడిచి వచ్చారు. నడిచారని మర్యాదకు అంటున్నాం గాని, ఇద్దరు చెరో పక్కా పట్టుకుని దొర్లించుకొచ్చారు. ప్యాడ్లు పార్టీ రంగులో ఉన్నాయి, రెండు కాళ్ల మీదా మంత్రిగారి బొమ్మే. హెల్మెట్ జాలీ వల్ల ఫొటోల్లో మొహం సరిగ్గా పడదని జాలీ ఊడదీశారు. రెండూ ఎడంచేతి గ్లోవులే కావడంతో కుడిచేతికి కర్ర ఆనలేదు. కత్తిరించడానికి తెచ్చిన రిబ్బను అక్కరకొచ్చింది. దాంతో కర్రను చేతికి కట్టేశారు.

కండక్టరమ్మను గోలు పక్కన నిలబెట్టారు, లబ్ధిదారు అని రాసిన అట్టముక్క మెళ్లో వేసి.

మంత్రిగారు గోల్లో నిలబడ్డారు. డిప్యూటీ డైరెక్టరు బంతి కొట్టాలి. జన్మలో కర్ర పట్టని మనిషి. అయినా బంతి సరిగ్గా మంత్రిగారి ప్యాడుకే తగలాలని రెండు రోజులు వరండాలో సాధన చేశాడు. చిన్నగా తోశాడు. బంతి పెన్షను ఫైలంత వేగంగా కదిలింది. స్టేడియమంతా ఊపిరి బిగబట్టింది. బంతి దొర్లీ దొర్లీ మంత్రిగారి రెండు కాళ్ల మధ్యకు వస్తోంది. ఆయన కాళ్లు దగ్గరికి చేర్చాలని చూశారు. వెన్నలాంటి స్పాంజి ఒకదానికొకటి అడ్డుపడి కాళ్లు కలవనివ్వలేదు.

తొమ్మిదేళ్ల అలవాటు. కండక్టరమ్మ నోరు ఆగలేదు. "వంగండి సార్! కర్ర కింద పెట్టండి!"

బంతి మంత్రిగారి కాళ్ల మధ్య నుంచి వెళ్లి, నెమ్మదిగా గోల్లో కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకపోతే ఏమవుతుందోనన్న భయమూ ఉంది. చివరికి బావమరిది లేచి, "ఆహా! బంతికి కూడా దారిచ్చారు! ఎంత పెద్ద మనసు!" అన్నాడు. అప్పుడు స్టేడియం దద్దరిల్లింది. మర్నాడు పేపర్లూ అదే రాశాయి. బంతిని అడ్డుకోవడం ఎవరైనా చేస్తారు. అధికారంలో ఉండి కూడా దారివ్వడం కొందరికే సాధ్యం.

కాని మంత్రిగారి మనసులో ముల్లు దిగింది. ఆ సాయంత్రమే కమిటీని పిలిచారు.

"ఇంత గొప్ప సామాను వేసుకుని నేనే ఆపలేకపోయాను. అంటే తప్పెక్కడుంది?"

"సామానులో లేదు," అన్నాడు బావమరిది వెంటనే.

"మీలో లేదు," అన్నాడు డిప్యూటీ డైరెక్టరు అంతకంటే వెంటనే.

"మరి?"

ఇద్దరూ మూడు రోజులు ఆలోచించారు. హాకీ నిబంధనల పుస్తకం మొదటిసారి తెరిచారు. అందులో, జట్టు కావాలనుకుంటే గోల్‌కీపరు లేకుండా కూడా ఆడొచ్చని ఉంది. డిప్యూటీ డైరెక్టరు ఆ పేజీని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. తప్పు ఆ పోస్టులోనే ఉంది! వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: ప్రభుత్వ జట్లన్నింటిలో గోల్‌కీపరు స్థానం రద్దు. గోల్‌కీపరే లేనప్పుడు గోల్‌కీపరుకు దెబ్బ ఎలా తగులుతుంది? మంత్రిగారు ఇచ్చిన మాట నూటికి నూరు పాళ్లూ నిలబెట్టుకున్నారు.

ఫైనలుకు నాలుగు రోజులుంది. మెకానిక్కు ఉత్తర్వు పట్టుకుని డిపోలో బస్సు ఎక్కి, చివరి సీటు దగ్గర నిలబడ్డ కండక్టరమ్మకు అందులోనే చదివి వినిపించాడు.

"అంటే నేను ఆడొద్దనా అన్నా?"

"ఆడొచ్చు. మామూలు ప్లేయరుగా. కర్ర ఒక్కటే. బంతిని కాలితో ఆపకూడదు, చేత్తో ఆపకూడదు. ప్యాడ్లు కట్టకూడదు, హెల్మెట్ పెట్టకూడదు."

"దెబ్బలు తగలకుండా ఉండాలని ప్యాడ్లు తీసేశారన్నమాట."

"అలా అనకు, అందులో పెద్దపెద్ద మాటలున్నాయి," అన్నాడు మెకానిక్కు. తర్వాత గొంతు తగ్గించాడు: "ముందు వరసలో ఆడతావా? వెనక ఎవరూ లేకుండా వదిలేద్దాం. ఓడితే ఓడాం. నీ మొహం పగిలితే నేను మీ ఆయనకేం చెప్పను?"

ఇంటికొచ్చాక ఆ ఆయన కూడా అదే అన్నాడు. "మానెయ్యి. వాళ్లేం మనల్ని ఉద్ధరించేవాళ్లా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది."

కండక్టరమ్మ బూట్లకు అంటిన మట్టి గోటితో గీకుతూ కూర్చుంది. తర్వాత అంది: "వాళ్ల కోసం కాదయ్యా. తొమ్మిదేళ్లు అక్కడ నిలబడ్డా. ఖాళీ గోలు వెనక వదిలేసి ముందు పరిగెత్తడం నావల్ల కాదు. నా బస్సులో డ్రైవరు లేకుండా నేను టికెట్లు కొట్టినట్టుంటుంది."

టైలరు మిషను ముందు కూర్చుని, ఆమె మేజోళ్ల లోపల నాలుగు మడతల గుడ్డ పెట్టి కుట్టాడు. ఆటలో అందరూ ముంగాళ్లకు కట్టుకునేవి ఎలాగూ ఉంటాయి కాబట్టి అంపైరు అభ్యంతరపెట్టడని మెకానిక్కు చెప్పాడు. ఛాతీకి కూడా ఏదో కుట్టబోతే ఆమే వద్దంది.

ఫైనలు రోజు మంత్రిగారు ముఖ్య అతిథి. వచ్చింది పూర్తి గోల్‌కీపరు కవచంలోనే. కొన్న సామాను వాడకుండా మూలపడేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందని, ఆయన కొలతలకు కుట్టింది ఇంకెవరికీ పట్టదని డిప్యూటీ డైరెక్టరు నోట్ పెట్టాడు. ప్రజాధనం వృథా కాకూడదని ఆ మండుటెండలో అంత బరువు మోసిన నాయకుణ్ణి జనం కళ్లారా చూశారు. గ్యాలరీలో ముందు వరసలో రెండు కుర్చీలు కలిపి కూర్చోబెట్టారు. బావమరిది పక్కన నిలబడి విసనకర్రతో విసురుతున్నాడు.

ఆట మొదలైంది. కండక్టరమ్మ గోలు గీత ముందు చేతిలో కర్రతో నిలబడింది. ఒంటి మీద ఏమీ లేకపోవడంతో ముందు చలిగా ఉన్నట్టనిపించింది. అవతలి జట్టు పోర్టు ఉద్యోగులది, గట్టి మనుషులు. మొదటి బంతి చెవి పక్కనుంచి పోయింది. ఆ గాలికి ఆమెకు విషయం పూర్తిగా అర్థమైంది. రెండో బంతిని కర్రతో పక్కకు నెట్టింది. మూడోది తొడకు తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. అంపైరు వచ్చి, "వెళ్లిపోతావా?" అన్నాడు.

"షిఫ్టు అవలేదండీ," అంది.

మూడో క్వార్టర్లో డిపో జట్టు ఒక గోలు చేసింది. అక్కణ్ణుంచి పోర్టువాళ్లు వరసగా మీద పడ్డారు. మెకానిక్కు గీత అవతల కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాడు. టైలరు గ్యాలరీలో తల దించుకునే ఉన్నాడు. చప్పుడును బట్టి లెక్క కట్టుకుంటున్నాడు: కర్ర చప్పుడైతే ఊపిరి వదలడం, ఇంకో రకం చప్పుడైతే కళ్లు మూసుకోవడం.

ఇంకో నిమిషముంది. పోర్టు కెప్టెన్ ఒంటరిగా దూసుకొచ్చి, పది అడుగుల దూరం నుంచి కొట్టింది. కండక్టరమ్మ వెనక్కి జరగలేదు. ముందుకొక అడుగేసి కర్ర అడ్డం పెట్టింది. బంతి కర్రకు తగిలి, పైకి లేచి, ఆమె గడ్డాన్ని చీల్చుకుని, గోలు స్తంభం పక్కనుంచి బయటికి దొర్లిపోయింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ముందు గోల్లోకి చూసింది, బంతి లేదని నమ్మకం కలిగాకే గడ్డం పట్టుకుంది. హారన్ మోగింది. డిపో గెలిచింది, ఒకటి సున్నా.

స్టేడియం కింద ప్రథమ చికిత్స గదిలో నర్సు ఏడు కుట్లు వేసింది. టైలరు ఆమె చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డాడు, చూడలేక గోడకేసి తిరిగి. బల్ల దగ్గర ఓ గుమస్తా ఫారం నింపుతున్నాడు.

"ఏ స్థానంలో ఆడుతుండగా దెబ్బ తగిలింది?"

"గోల్‌కీపరు," అన్నాడు టైలరు.

"ఆ స్థానం రద్దయింది కదా! గోల్‌కీపరుకు దెబ్బ తగిలిందని రాస్తే నా ఉద్యోగం పోతుంది." గుమస్తా కలం నెత్తికి ఆనించి ఆలోచించాడు. "గోలు దగ్గర నిలబడి ఆట చూస్తుండగా తగిలిందని రాస్తాను. ప్రేక్షకురాలు. సరేనా?"

కండక్టరమ్మ మాట్లాడే స్థితిలో లేదు. చేత్తో, కానివ్వమన్నట్టు సైగ చేసింది.

ఇంతలో పైన మైకు గరగరలాడింది. కిటికీలోంచి డిప్యూటీ డైరెక్టరు గొంతు స్పష్టంగా వినిపించింది. "...ఇప్పుడు ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారం! ఈ మ్యాచ్ జరిగినంతసేపూ గోల్‌కీపరు దుస్తుల్లో ఉన్న ఏకైక వ్యక్తి, ఒక్కటంటే ఒక్క గోలు కూడా ఇవ్వని మహావ్యక్తి, మన ప్రియతమ..."

మిగతాది చప్పట్లలో కలిసిపోయింది.

టైలరు గోడ మీంచి చూపు తిప్పి పెళ్లాం వైపు చూశాడు. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని కంగారుగా దగ్గరికి వంగాడు.

"నవ్వకమ్మా," అని కసిరింది నర్సు, "కుట్లు తెగుతాయి."